జాడీలో ఉన్నదెవరు

పాటు దిగిపోయాక
ఎంబాషె నది నోటి దగ్గర
రాతిగుంటలు ఒక్కొక్కటే తేలతాయి.
మాజోలా మోకాళ్ల దాకా గుడ్డ ఎగగట్టి
ఇనపఊచతో ఆల్చిప్పలు ఊడబెరుకుతోంది.
ఆమె వెనక నేను, చేతిలో చిన్న వల,
నడుముకి స్పిరిటు నింపిన గాజుగొట్టాల వరస.
"తాగడానికి మరీ చిన్నవి కదే జొలేకా" అని ఆమె వేళాకోళం.

రాతిచేప దొరకడం తేలికే.
పారిపోదు, నాచులో నాచయిపోతుంది.
గుడ్లని నీళ్లకి వదిలేసే రకం కాదు,
కడుపులో పిల్లల్ని మోసి
తను పుట్టిన గుంటకి పక్క గుంటలో కంటుంది.
ఏటి మంచినీళ్లూ ఇసకమేటా దాటి
అవతలికెళ్లిన వాళ్లు
వాటి వంశంలోనే లేరు.

తోక కొసన గోరు చివరంత ముక్క కత్తిరిస్తాను.
అరచేతిని ఒక్క తన్ను తన్ని నీళ్లలోకి జారుతుంది.
అటొడ్డున ముప్పై ఒకటి, ఇటొడ్డున ఇరవై ఎనిమిది.
ముళ్లు లెక్కపెట్టాను. పొలుసులు లెక్కపెట్టాను.
కంటి మీది కుచ్చు కూడా కొలిచాను.
అచ్చుగుద్దినట్టు ఒక్కటే.

"నాలుగక్షరమ్ముక్కలు వస్తే చాలు, బతికేస్తావ్"
అంటుండేది మా అమ్మ.
మఖాండాలో ఫ్రిజ్‌ల రొద మధ్య
తెర మీద నాలుగే అక్షరాలు బారులు తీరాయి.
ఆ నాలుగింటితోనే ఈ చేప
ఎన్ని వేల తరాలుగానో రాసుకుంటూ ఉంది,
అటొడ్డున ఒకలా, ఇటొడ్డున ఇంకోలా,
ఒకరి రాత ఒకరు చూడకుండా.
కంప్యూటరు చెట్టు గీసింది.
ఒకటే అనుకున్న కొమ్మ మొదట్లోనే చీలి ఉంది.

రాత్రి పదకొండున్నర. చెప్పుకోడానికి ఎవరూ లేరు.
కాపలా కాసే లుఖాన్యోకి చెప్పాను.
"అయితే ఒకటి కొత్తదన్నమాట" అన్నాడు టీ ఊదుకుంటూ.
"ఏది?"

అక్కడే ఆగిపోయాను.

పేరు పెట్టినాయన పొగఓడలో వచ్చాడు.
నూట పన్నెండేళ్ల కిందట ఒక చేపని పట్టి
ఫార్మలిన్ జాడీలోకి దించి
మెడకి లాటిన్ పేరు కట్టి
చీటీ మీద 'ఎంబాషె' అని రాసి వెళ్లిపోయాడు.
ఏ ఒడ్డో రాయలేదు.
ఆ జాడీలోది ఎవరైతే పేరు వాళ్లది.
రెండోది పేరు లేనిది.

మ్యూజియం వాళ్లు బతిమాలగా బతిమాలగా
బియ్యపుగింజంత ముక్క ఇచ్చారు.
ఫార్మలిన్ అన్నీ భద్రంగా దాచింది,
పళ్లు, ముళ్లు, కంటి మీద కుచ్చు.
ఆ నాలుగక్షరాల్ని మాత్రం నమిలేసింది.
మూడుసార్లు చేశాను. మూడుసార్లూ తెల్లకాగితం.
నాలుగోసారి అక్షరాలొచ్చాయి.
గుండె గొంతులోకొచ్చింది.
తీరా చూస్తే అవి నావే.
తొడుగు చిరిగి, నా బొటనవేలివి.

మళ్లీ పాటు. మళ్లీ అవే గుంటలు.
"రెండు రకాలున్నాయి, పేరు ఒక్కటే,
అది ఏ ఒడ్డుదో తేలట్లేదు" అన్నాను.
"ఎరకి రెండూ ఒకటే" అని మాజోలా ఊచ ఆపలేదు.

చాలాసేపటికి, బుట్ట నెత్తికెత్తుకుంటూ:
"మాజోలా అంటే నా పుట్టింటి వంశం పేరు.
నోలుంగిలే అత్తింటివాళ్లు పెట్టుకున్నది.
మా అమ్మ పిలిచింది వేరే ఉంది.
ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.
అదిప్పుడు ఎవరిదో
నీ గొట్టంలో పోసి చెప్పు చూద్దాం."

ఏం పేరని అడుగుదామనుకున్నాను.
ఆమె అప్పటికే రాళ్లు దాటి పైకెక్కేస్తోంది,
పోటు నీళ్లు మడమలందుకుంటున్నాయి.

ఇటొడ్డున ఇరవై తొమ్మిదోది
వేళ్ల మధ్య కొట్టుకుంది.
చీటీ మీద తేదీ వేశాను.
ఏ ఒడ్డో రెండుసార్లు రాశాను.
పేరు గడి ఖాళీగా వదిలి
మూత బిగించాను.